కాజాల వదిన గుమ్మం దాటనివ్వని మాట

ఆ వీధిలో చొక్కా తొడుక్కునే ప్రతి మగాడి గుండెల మీదా కాజాల వదిన చెయ్యి పడే ఉంటుంది. మరోలా అనుకోకండి. సందు మొదట్లో టైలరు షాపు నడిపే కటింగ్ మాస్టరు చొక్కాలు కుట్టి, మూటకట్టి ఈవిడ ఇంటికి పంపిస్తాడు. గుండీ దూరడానికి గుడ్డలో చిన్న చీలిక కోసి, దాని చుట్టూ దారంతో గట్టిగా అంచు కుడతారే, అవే కాజాలు. ఆ పని ఈవిడది.

"మిషను మీద తీసిన కాజా నాలుగు ఉతుకులకి నోరు తెరుస్తుంది. మా వదిన కుట్టింది చొక్కా పీలికలైనా నోరు తెరవదు" అంటాడు మాస్టరు.

"కాజాకున్న బుద్ధి కుట్టే మనిషికీ ఉంటే ఎంత బాగుండేదో" అని గోడవార కూచున్న అత్తగారు అందుకుంటుంది.

వాళ్ళ ఇల్లు రెండు గదులు. ముందు గదిలో కిటికీ పక్కన పీట వేసుకుని వదిన, ఎదురుగా గోడకి ఆనుకుని అత్త. అత్తకి కళ్ళు మసకేసి మనుషుల మొహాలు ఆనవు. కానీ వేళ్ళ కొసలతో తడుముకుంటూ గుండీలు కుట్టేస్తుంది. కోడలు కాజాలు పూర్తిచేసి చొక్కా ఆవిడ ఒళ్ళోకి విసురుతుంది, ఆవిడ అవతలి పట్టీకి గుండీలు వేస్తుంది. మధ్యలో ఇద్దరి నోళ్ళూ సూదుల కన్నా వేగంగా నడుస్తాయి. కొత్తగా అద్దెకి దిగినవాళ్ళు అత్తాకోడళ్ళు పోట్లాడుకుంటున్నారనుకుని విడదీయడానికి పరిగెత్తుకొస్తారు. తీరా వస్తే ఇద్దరూ నవ్వుతుంటారు.

వదిన మొగుడు క్రేన్ డ్రైవరు. మేనబావే కాబట్టి "బావా" అని పిలుస్తుంది. లారీ బోల్తా పడినా, కారు కాలవలో దిగబడినా, ఆఫీసు వాళ్ళు ఫోన్ చేయగానే క్రేన్ వేసుకుని వెళ్ళి లాగాలి. మనిషి భారీగా ఉంటాడు, మాట పొదుపు. ఇంట్లో ఇద్దరు ఆడవాళ్ళూ అతని వంతు కూడా మాట్లాడేస్తారు గనక ఆ లోటు ఎవరికీ తెలియదు.

ఇన్ని మాటలు పొర్లే ఆ ఇంట్లో ఒక్క మాటకి మాత్రం ప్రవేశం లేదు. తిట్టూ కాదు, బూతూ కాదు. స్పాట్.

దాని వెనక కథ ఉంది. వదిన చిన్నపిల్లగా ఉన్నప్పుడు ఆవిడ తండ్రి లారీ మీద క్లీనరు. రోజుకో ఊరు తిరిగి, వచ్చాక ఆ ఊళ్ళ పేర్లన్నీ కూతురికి చెప్పేవాడు. ఒక సాయంత్రం లారీ ఓనరు మనిషి వచ్చి గుమ్మంలో నిలబడి, "మీ నాన్న స్పాట్ అమ్మా" అన్నాడు. ఆ పిల్లకి ఇంగ్లీషు ముక్క రాదు. స్పాట్ అంటే ఇంకో ఊరనుకుంది.

"అదెక్కడుందండీ? బస్సు వెళ్తుందా? నాన్న ఎప్పుడొస్తాడు?"

వచ్చినాయన పిల్ల తల మీద చెయ్యి వేశాడు. లోపల్నుంచి తల్లి కేక వినపడింది. ఆ తర్వాత కూడా చాలా రోజులు, మీ నాన్నెక్కడే అని ఎవరైనా అడిగితే "స్పాట్ వెళ్ళాడు" అని చెప్పేది. అడిగినవాళ్ళు మొహం పక్కకి తిప్పుకునేవాళ్ళు. ఎందుకు తిప్పుకుంటున్నారో కాస్త పెద్దయ్యాక గానీ అర్థం కాలేదు.

ఇంగ్లీషువాళ్ళకి ఆ మాటకి అర్థం ఏముంది, ఫలానా చోటు, అంతే. మన నోళ్ళలో పడ్డాక దానికి తోక తెగిపోయింది. ఉన్నచోటే ప్రాణం పోయింది అనడానికి అంత పొడుగెందుకని "స్పాట్‌లోనే పోయాడు" అన్నారు. అదీ బరువైపోయి, "స్పాట్" అని ఊరుకున్నారు. "ఇద్దరికి దెబ్బలు, ఒకాయన స్పాట్" అంటే వివరం అడిగేవాళ్ళుండరు. చోటు పేరు కాస్తా చావు పేరైంది.

పెళ్ళయిన కొత్తలో ఒకరోజు బావ చెప్పులేసుకుంటూ "స్పాట్‌కి వెళ్తున్నా" అన్నాడు. వదిన చేతిలో గ్లాసు జారిపడి ముక్కలైంది. ఆ రోజే చెప్పేసింది. "ఆ మాట ఈ గుమ్మం లోపల అనకు బావా."

"మరేమనను? పనే అది కదే."

"అక్కడికి అను."

అప్పట్నుంచీ "అక్కడికి వెళ్తున్నా", "అక్కడే ఉన్నా", "అక్కణ్ణుంచి వస్తున్నా." పక్కవాటావాళ్ళు ఇది విని, అతనికి ఇంకో చోట ఇంకేదో వ్యవహారం ఉందనీ, పెళ్ళానికి కూడా తెలిసే నడుస్తోందనీ కొన్నాళ్ళు చెవులు కొరుక్కున్నారు. కరెంటు మీటరు చూసే అతను "స్పాట్ బిల్లింగ్ అమ్మా" అని తలుపు తట్టినప్పుడు వదిన చేతిలో కత్తెరతోనే బయటికి వచ్చింది. పాపం, ఆ మనిషి ఇప్పటికీ ఆ ఇంటి ముందుకొచ్చి "కరెంటు, కరెంటు" అని మాత్రమే అరుస్తాడు.

ఇక ఆ రోజు సంగతి.

ముందురోజు సాయంత్రం బావ వేలికి ఏదో గుచ్చుకుని వచ్చాడు. వదిన సూదితో పైకి లాగింది. వెంట్రుకంత ఇనప పోగు.

"ఏంటిది?"

"క్రేన్ తాడుది."

"ఇనప తాడుకి పోగులు లేస్తున్నాయా?"

"ఓనరు మారుస్తానన్నాడు."

"ఎప్పుడు?"

"మారుస్తాడులే."

"పోగు లేచిన దారం నేను కాజాకే వాడను. నువ్వు దాంతో లారీలెత్తుతావా?"

బావ వేలు తుడుచుకుని అన్నానికి కూచున్నాడు. పొద్దున్న లేస్తూనే వదిన మళ్ళీ అందుకుంది. తాడు మార్చేదాకా బండి ఎక్కనని చెప్పమంది. ఇంతలో ఆఫీసు నుంచి ఫోన్ వచ్చింది. అతను టీ గ్లాసు సగంలో పెట్టి లేచాడు. "అక్కడికి వెళ్తున్నా" అని రోజూలాగే చెప్పాడు. వదిన మొహం గోడకి తిప్పుకుని దారం ఎక్కిస్తూ కూచుంది. రోజూ అనే "జాగ్రత్త" అన్న మాట ఆ రోజు అనలేదు.

పని మీదున్నంతసేపూ బావ ఫోన్ కట్టేసి ఉంచుతాడు. కానీ మధ్యలో ఒకసారి తెరిచి "తిన్నావా" అని అడగడం అలవాటు. ఎండ కిటికీ దాటి గోడెక్కింది. ఫోన్ రాలేదు. వదిన చేసింది, స్విచాఫ్. మళ్ళీ చేసింది, స్విచాఫ్. చివరికి ఆఫీసుకి చేసింది.

కొత్త గొంతు ఎత్తింది. ఆ వారమే చేరిన పిల్ల. "క్రేన్ సర్వీసండీ."

"రెండో నంబరు క్రేన్ డ్రైవరు ఇంటి నుంచమ్మా. ఆయన ఫోన్ కలవట్లేదు..."

"ఒక్క నిమిషమండీ, చూస్తా. రెండో నంబరు... ఆయన స్పాట్ అండీ."

వదిన చేతిలో చొక్కా నేల మీద పడింది. "ఏంటి?"

"స్పాట్ అండీ, స్పాట్. గోడౌన్ల వెనక, వంతెన దిగే దగ్గర. పోలీసులొచ్చారు. ఓనరుగారు కూడా అటే పరిగెత్తారు. ఇంకో కాల్ వస్తోందండీ, ఉంటాను."

మళ్ళీ చేస్తే ఎంగేజ్. ఇంకోసారి చేసినా ఎంగేజే.

సూదిని దూది ఉండలో గుచ్చబోతే రెండుసార్లు వేలికే గుచ్చుకుంది. గట్టిగా ఏడవాలంటే ఎదురుగా అత్త. కొడుకు తప్ప వేరే దిక్కులేని మనిషి, మసక కళ్ళతో ఇటే చూస్తోంది.

"ఎవరే?"

"రాంగ్ నంబరత్తా."

"రాంగ్ నంబరుతో అంతసేపేం మాట్లాడావు? సంబంధం కుదిర్చావా?"

"దారం అయిపోయింది. మాస్టరు దగ్గరికెళ్ళి తెస్తా."

"తెల్లదారం ఉండ నా ఒళ్ళోనే ఉందిగా."

"నల్లది."

"అన్నీ తెల్లచొక్కాలే అన్నావు పొద్దున్న."

వదిన చెప్పులేసుకుంది. జీవితంలో అత్త మీద మాటకి మాట వేయకుండా గుమ్మం దిగడం అదే మొదలు.

సందు చివర ఎప్పుడూ వాగుతుంటాడని అందరూ మైకు అని పిలిచే ఆటో అతను కునుకు తీస్తున్నాడు. వదిన ఎక్కి కూచుని "గోడౌన్ల వెనక వంతెన దగ్గరికి" అంది.

"అటు వెళ్ళలేం వదినా. పొద్దుట్నుంచీ రోడ్డు జామ్. లారీ బోల్తా పడిందట. ఎవరో స్పాట్ అంటున్నారు."

"ఎవరు?"

"ఏమో. డ్రైవరంటున్నారు."

లారీ డ్రైవరా, క్రేన్ డ్రైవరా అని అడగడానికి నోరు తెరిచింది. అడిగితే చెప్పేస్తాడని భయమేసి మూసుకుంది. తెలియనంతసేపూ బావ బతికే ఉంటాడు కదా.

"నడుపు" అంది.

మైకు అద్దంలోంచి ఆవిడ మొహం చూశాడు. ఏం అర్థమైందో గానీ దారి పొడవునా ఒక్క ముక్క మాట్లాడలేదు. ఆ నిశ్శబ్దం వదినని ఇంకా భయపెట్టింది. పొద్దున్న ఆ టీ గ్లాసు సగంలో వదిలేశాడు. "జాగ్రత్త" అనలేదు. నోరు మూసుకోవడం చేతకాని మనిషి ఆ ఒక్క పూటే మూసుకోవాలా? ఆ ఒక్క పూటే! ఒకప్పుడు స్పాట్ అంటే ఊరనుకుంది, బస్సు వెళ్తుందా అని అడిగింది. ఇప్పుడు ఆ ఊరికే ఆటోలో వెళ్తోంది.

వంతెన ఇంకాస్త దూరముందనగా బళ్ళన్నీ ఆగిపోయాయి. వదిన దిగి పరిగెత్తింది. జనం. జనం తలల మీదుగా పసుప్పచ్చ క్రేన్ మెడ, దాని మీద నల్లరంగుతో రెండో నంబరు. వదిన మోచేతులతో దారి చేసుకుని ముందుకొచ్చింది. అడ్డంగా తాడు కట్టి ఉంది, తాడు దగ్గర కానిస్టేబులు. అవతల సరుకు లారీ పక్కకి ఒరిగి వంతెన రెయిలింగుని నొక్కుకుని పడి ఉంది. ముందుభాగం అప్పచ్చిలా అణిగిపోయింది. క్రేన్ తలుపు తెరిచి ఉంది.

క్రేన్ సీట్లో ఎవరూ లేరు.

సీటు పక్కన బావ తువ్వాలు వేలాడుతోంది. మెట్టు మీద అతని బూట్లు పక్కపక్కనే విప్పి ఉన్నాయి. వదిన కళ్ళు లారీ కిందకి వెళ్ళాయి. అక్కడ రెండు కాళ్ళు బయటికి చాచి ఉన్నాయి. ఎడమ మేజోడు మడమ దగ్గర తెల్లదారం కుట్టు. అది రఫ్ఫు కుట్టు కాదు, కాజా కుట్టు. మేజోడుకి కాజా కుట్టు వేసే మనిషి ఈ భూమ్మీద ఒక్కర్తే ఉంటుంది.

కాళ్ళు కదలడం లేదు.

వదిన తాడు కింద నుంచి దూరబోయింది. కానిస్టేబులు భుజం పట్టుకున్నాడు. "ఎక్కడికమ్మా? ఎవరు నువ్వు?"

"ఆ కాళ్ళు మా ఆయనవి!"

"అరవకు!" కానిస్టేబులు గొంతు తగ్గించి గదిమాడు. "లోపల లారీ డ్రైవరు ఇరుక్కుని ఉన్నాడు, ఊపిరుంది. మీ ఆయన కింద బెల్టు దూరుస్తున్నాడు. నువ్వు అరిచావంటే అటు చూస్తాడు. బండి అంగుళం జారిందంటే ఇద్దరూ పోతారు."

ఊపిరుంది, బెల్టు దూరుస్తున్నాడు అన్న రెండు ముక్కలూ ఆవిడ బుర్రకెక్కేలోపు తెల్లకుట్టున్న ఆ మేజోడులో బొటనవేలు పైకి లేచి మళ్ళీ వాలింది. వదిన పమిట కొంగు నోట్లో కుక్కుకుంది.

బావ మెల్లగా వెనక్కి పాక్కుంటూ బయటికి వచ్చాడు. మొహమంతా మట్టి, నూనె. అటూ ఇటూ చూడలేదు, తిన్నగా వెళ్ళి క్రేన్ ఎక్కాడు. వదిన కళ్ళు ఇనప తాడు మీదే ఉన్నాయి. కోటు కాజాకి తను దారాన్ని రెండు పేటలు చేసినట్టు, అతను తాడుని కొక్కెం దగ్గర రెండు పేటలుగా తిప్పి వేశాడు. ఇంజను మూలిగింది. తాడు బిగిసింది. ఎక్కడో టిక్కుమని చప్పుడైంది, జనమంతా ఒక్కడుగు వెనక్కి వేశారు. వదిన కదల్లేదు. లారీ ముందుభాగం చెయ్యి పట్టేంత లేచింది, ఇంకాస్త లేచింది. నలుగురు మనుషులు లోపలికి చేతులు పెట్టి డ్రైవర్ని బయటికి లాగారు. అతను "అమ్మా" అని మూలిగాడు. ఆ మూలుగు విని జనం చప్పట్లు కొట్టారు.

బావ లారీని మళ్ళీ నేల మీదకి దించి, ఇంజను ఆపి, దిగి బూట్లలో కాళ్ళు దూర్చాడు. అప్పుడు తలెత్తి చూశాడు. తాడు దగ్గర పెళ్ళాం.

వదిన అనుకున్నట్టు అతని మొహం విప్పారలేదు. పాలిపోయింది. ఎప్పుడూ, ఎన్నడూ "అక్కడికి" రాని మనిషి, పమిట నోట్లో కుక్కుకుని నిలబడి ఉంది. ఒక బూటు వేసుకోకుండానే వచ్చేశాడు.

"అమ్మ?" అన్నాడు. "అమ్మకేమైంది?"

వదిన కొంగు నోట్లోంచి తీయకుండానే తల అడ్డంగా ఊపింది. ఆ ఊపుకి అతను తోచిన అర్థం చెప్పుకున్నాడు. రోడ్డు మీద చతికిలబడ్డాడు.

"లే బావా, లే! అత్తకేం కాలేదు. రాయిలా ఉంది. నన్ను తిడుతూనే ఉంది."

"మరెందుకొచ్చావు?"

"నువ్వే... నువ్వే స్పాట్ అన్నారు!"

పెళ్ళయ్యాక ఆ మాట ఆవిడ నోటి నుంచి రావడం అదే మొదలు. బావ అలాగే కూచుని చూశాడు. తర్వాత మెల్లగా అర్థమైంది. నవ్వబోయాడు గానీ నవ్వు రాలేదు. మట్టిచేత్తోనే ఆవిడ చెయ్యి పట్టుకుని లేచాడు.

"ఉన్నాను కదే" అన్నాడు. "స్పాట్‌లో ఉన్నా."

వదిన అక్కడే క్రేన్ మెట్టు మీద కూచుని ఆఫీసుకి ఫోన్ చేసింది. ఈసారి కలిసింది.

"ఇందాక చేశానే, రెండో నంబరు డ్రైవరు ఇంటి నుంచి. ఆయన స్పాట్ అన్నావు."

"అవునండీ. బోర్డు మీద అలాగే రాస్తారండీ. గ్యారేజ్, రూట్, స్పాట్, రిటర్న్ అని. ఉన్నది చదివానండీ."

"చదివింది బాగానే చదివావు తల్లీ. ఇంటి నుంచి ఆడవాళ్ళు చేస్తే మాత్రం చివర ఒక 'లో' తగిలించు. స్పాట్‌లో ఉన్నారండీ అను. నీ నోరేం అరిగిపోదు. ఆ ఒక్క 'లో' లేకపోబట్టి మా ఆయన్ని ఇంటి నుంచి వంతెన దాకా చంపుకుంటూ వచ్చాను."

"అయ్యో ఆంటీ" అని ఆ పిల్ల భోరుమంది. చివరికి వదినే ఓదార్చాల్సి వచ్చింది. ఓదారుస్తూనే ఎవరమ్మాయివి, ఏం చదివావు, పెళ్ళయిందా అన్నీ కనుక్కుంది.

ఓనరు అంబులెన్సుని పంపించి ఇటు వచ్చేసరికి బావ కొక్కెం దగ్గర తాడు చూపించాడు. ఒక పాయ తెగి ముళ్ళపందిలా నిక్కి ఉంది. "కొత్తది వచ్చేదాకా నేను ఎక్కను" అన్నాడు. అంతకన్నా పొడుగ్గా ఏమీ అనలేదు. ఓనరు వదిన వైపు చూశాడు, వదిన ఓనరు వైపు చూసింది. సరేనన్నాడు.

ఇంటికి వచ్చేసరికి అత్త గోడవార అలాగే కూచుని ఉంది. ఒళ్ళో చొక్కాల కుప్ప. రెండు జతల అడుగులు విని తలెత్తింది.

"ఎవరే?"

"నేనేనమ్మా" అన్నాడు బావ.

అత్త చేతిలో సూది ఆగింది. మామూలు గొంతుతోనే, "పట్టపగలు ఇంటికొచ్చావేంట్రా, పన్లేదా?" అంది. మళ్ళీ కోడలి వైపు తిరిగి, "నల్లదారం దొరికిందా?"

"దొరికిందత్తా" అంటూ వదిన పైనున్న చొక్కా అందుకుంది. గుండీలు లాగినా ఊడకుండా గట్టిగా, వరసగా కుట్టి ఉన్నాయి. కాకపోతే అవి ఉండాల్సిన పట్టీ మీద లేవు. కాజాల మీదే ఉన్నాయి. కంతలన్నీ మూసుకుపోయాయి. కిందది తీసి చూసింది, అదీ అంతే. దాని కిందదీ అంతే. ఇన్నేళ్ళలో చీకట్లో కూర్చోబెట్టినా ఒక్క గుండీ తప్పు కుట్టని చేతులు.

"ఇదేంటత్తా?"

అత్త చొక్కా లాక్కుని బొటనవేలితో తడిమింది. మొహం చిన్నబోయింది. "కళ్ళు పోయాయి గానీ చెవులు పోలేదు నాకు" అంది. "ఫోనులో ఆ పిల్ల గొంతు ఇంటి మొత్తానికి వినపడింది. రాంగ్ నంబరట, నల్లదారమట. నా దగ్గరా నీ వేషాలు? నేను గట్టిగా ఏడిస్తే నువ్వు గుమ్మం దిగలేవని నోరు మూసుకుని కూచున్నా. చేతులు ఊరుకోవుగా, కుడుతూనే ఉన్నా."

వదిన ఆవిడ పక్కనే చతికిలబడి, బ్లేడు తీసుకుని, కాజా తెగకుండా గుండీ దారం ఒక్కొక్కటే కోయడం మొదలుపెట్టింది. ఇద్దరి కళ్ళూ కారుతున్నాయి. పొద్దున్న సగంలో వదిలేసిన టీ గ్లాసు ఇంకా అరుగు మీదే ఉంది. బావ దాన్ని తీసి, చల్లారిపోయిన టీ ఒక్క గుక్కలో తాగేశాడు.

ఫోన్ మోగింది. ఆఫీసు పిల్ల. "రెండో నంబరు ఎక్కడుందని రాయమంటారండీ?" అని అడుగుతోంది.

బావ గోడవార ఉన్న ఇద్దరి వైపూ చూశాడు.

"బండి గ్యారేజ్‌లో" అన్నాడు. "నేను ఇంట్లో." చివరి అక్షరాన్ని కావాలనే కాస్త సాగదీశాడు.

"అంత సాగదీయక్కర్లేదురా" అంది అత్త, ముక్కు తుడుచుకుంటూ. "వినపడింది."